ఒక్క పందెమూ గెలవని పెళ్లికొడుకు

మొన్న శనివారం మా ఆయన కాళ్లు నున్నగా గొరుక్కుని బాత్రూంలోంచి బయటికొచ్చాడు. యాభై దాటిన మనిషి, పెళ్లీడుకొచ్చిన కూతురున్న మనిషి. మేముంటున్న ఈ కమ్మింగ్ ఊళ్లో మా సబ్‌డివిజన్ తెలుగు మగవాళ్లకి ఈ మధ్య సైకిళ్ల పిచ్చి పట్టింది. ఒక్కొక్కరి సైకిలు మేం అమెరికాలో కొన్న మొదటి కారు కన్నా ఖరీదు. ఆదివారం పొద్దున్నే ఒంటికి అతుక్కుపోయే రంగురంగుల బట్టలేసుకుని బయల్దేరతారు. ఎండ రాకముందే తిరిగొచ్చి, ఎవరో ఒకరింట్లో ఇడ్లీలు తింటూ, తొక్కిన దూరాన్ని ఫోన్లలో ఒకరికొకరు చూపించుకుంటారు. కాళ్లమీద వెంట్రుకలుంటే గాలికి స్పీడు తగ్గుతుందని ఎవరో వీడియోలో చెప్పాడట. "ముందు ఆ పొట్ట సంగతి చూడు నాయనా, గాలికి అడ్డం అది" అని నేను అంటూండగానే, సోఫాలో కూర్చున్న మా శాంతి పిన్ని ఆ కాళ్ల వంక చూసి పడీపడీ నవ్వింది. లూక్ బాబాయ్ పోయాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఏడుపులోకి దిగిపోయింది. మా ఆయన బిక్కమొహం వేసుకుని లుంగీ కట్టుకోడానికి లోపలికి పోయాడు.

శాంతి పిన్ని మా అమ్మకి చెల్లెలు. న్యూజెర్సీలో నర్సుగా చేసి రిటైరైంది, ఇప్పుడు కొన్నాళ్లుగా మా ఇంట్లో ఉంటోంది. లూక్ బాబాయ్ ఆవిడ భర్త. బెల్జియం మనిషి. ఒకప్పుడు యూరప్‌లో జీతం తీసుకుని సైకిల్ పందాలు తొక్కినవాడు. అలాంటి నున్నటి కాళ్లు మా ఇంట్లో మొట్టమొదట అడుగుపెట్టినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఆ రోజుల్లో మా ఇంటిల్లిపాదికీ ఆ కాళ్లమీద, ఆ మనిషిమీద, ఆ మనిషి చెప్పిన ప్రతి మాటమీద అనుమానమే. అనుమానపడడంలో మమ్మల్ని మించినవాళ్లు, న్యూజెర్సీలో మేమున్న ఎడిసన్ ఊరు మొత్తం మీద లేరని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. నాకూ ఆ రక్తమే వచ్చింది. కూరగాయల కొట్టులో "తాజావి" అని బోర్డు కనిపిస్తే ఆ బెండకాయల్ని ఇప్పటికీ విరిచి చూస్తాను.

మేమప్పుడు ఓక్ ట్రీ రోడ్డుకి దగ్గర్లో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నాన్న, అమ్మ, నేను, నరసాపురం నుంచి చూడ్డానికి వచ్చి వీసా పొడిగించుకుంటూ ఉండిపోయిన మా అమ్మమ్మ. ఆదివారాలు పిన్ని కూడా వచ్చేది. మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి వాళ్ల హాల్లో మా తెలుగు ఆరాధన జరిగేది, అది అయ్యాక అందరం ఇంటికొచ్చి ఆలస్యంగా అన్నాలు తినేవాళ్లం. అమ్మమ్మ ఎండు రొయ్యలు వేయించడం మొదలుపెట్టగానే సీలింగుకున్న పొగ అలారం కూత పెట్టేది. అమ్మ స్టూలెక్కి తువ్వాలుతో విసిరేది, నేను కిటికీలు తెరిచేదాన్ని, కింది ఫ్లాటులో గుజరాతీ ఆంటీ చీపురుకర్రతో తన సీలింగుని పొడిచేది. అమ్మమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నుంచి కదిలేది కాదు. "ఈ దేశంలో కూర వండితే పోలీసులు వచ్చేలా ఉన్నారే" అని గొణుక్కుంటూ, అలారం ఆగేదాకా రొయ్యల్ని కలుపుతూనే ఉండేది. చన్నీళ్లు ముట్టేది కాదు, ఏసీ పడేది కాదు. వేసవిలో కూడా చెవులకి మఫ్లరు చుట్టుకుని కూర్చునేది.

మా నాన్న ఆ రోజుల్లో హెచ్‌వన్ వీసా మీద ఒక కన్సల్టెన్సీలో పనిచేసేవాడు. ఆయనకి ఇంకో పని కూడా ఉండేది, జీతం లేనిది. ఊళ్ల నుంచి కొత్తగా దిగిన కుర్రాళ్లు కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్‌హౌస్‌లో కిక్కిరిసి ఉండేవాళ్లు. వాళ్ల రెజ్యూమెల్లో చేయని ప్రాజెక్టులుండేవి, చూడని కంపెనీలుండేవి. ఉద్యోగమిచ్చేవాళ్లు రిఫరెన్సు కోసం ఫోన్ చేస్తే ఎత్తడానికి ఒక మేనేజరు కావాలి. ఆ మేనేజరు మా నాన్న. ఫోన్ మోగగానే టీవీ ఆపమని సైగ చేసి, కార్డ్‌లెస్ పట్టుకుని బట్టల అలమరలో దూరి తలుపేసుకునేవాడు. లోపల్నుంచి ఎవరిదో గొంతు వినిపించేది, ముక్కుతో మాట్లాడే పరాయి గొంతు. "యెస్, హీ వర్క్‌డ్ అండర్ మీ. వెరీ సిన్సియర్. వెరీ గుడ్ టీమ్ ప్లేయర్." బయటికొచ్చాక చెమట తుడుచుకుంటూ "పాపం, తల్లిదండ్రులు పొలం అమ్మి పంపారంట" అనేవాడు. అమ్మ మూతి ముడుచుకుని "ఆదివారం పూట కూడా ఏంటండీ ఈ అబద్ధాలు" అని సణిగేది. నాన్న ఆ పని సాయమనే అనుకున్నాడు, చివరిదాకా అలాగే అనుకున్నాడు. కానీ ఆ అలమరలో నిలబడి నిలబడి ఆయనకి ఒక జబ్బు పట్టుకుంది. ఎవరు తన గురించి ఏం చెప్పుకున్నా సగం కల్పితమేనని తేల్చేసేవాడు. పాస్టరుగారు సాక్ష్యం చెప్తున్నా కళ్లు చికిలించి వినేవాడు.

అలాంటి ఇంట్లో ఒక ఆదివారం పిన్ని పప్పులో నెయ్యి వేసుకుంటూ, తలెత్తకుండా, తను ఒకతన్ని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నానని చెప్పింది. పిన్నికి అప్పటికి ముప్పై దాటి చాలా కాలమైంది. వచ్చిన సంబంధాలన్నీ ఆవిడ అమెరికా పాస్‌పోర్టుని చూసి వచ్చినవేనని నాన్నే అన్నింటినీ తిప్పి పంపాడు. ఇతను కాలర్ బోన్ విరిగి హాస్పిటల్లో ఆవిడ వార్డులో పడుకున్నాడట. పేరు లూక్. "లూకానా!" అని అమ్మమ్మ మొహం వెలిగింది. "మన లూకా సువార్త లూకానే?" ఆ వెలుగు ఎంతో సేపు నిలవలేదు. తెల్లవాడు, రోమన్ కేథలిక్కు, బెల్జియం. సైకిళ్లు దిగుమతి చేసే కంపెనీలో వర్క్ వీసా మీద ఉన్నాడు, ఆ కంపెనీ మూతబడుతోంది, వీసాకి కొన్ని నెలలే మిగిలింది. నాన్న ముద్ద కంచంలో పెట్టేశాడు.

"వీసా అయిపోతుంటే ప్రేమ పుట్టుకొచ్చిందా?" అన్నాడు.

"బావా, ముందు మనిషిని చూడు. తర్వాత మాట్లాడు."

"చూస్తానమ్మా, ఎందుకు చూడను? ఇంతకుముందు ఏం చేసేవాడు?"

"సైక్లిస్ట్. ప్రొఫెషనల్."

"అది కాదు, ఉద్యోగం ఏంటంటున్నా."

"అదే ఉద్యోగం బావా."

నాన్న అమ్మ వంక చూశాడు. అమ్మ అమ్మమ్మ వంక చూసింది. మా నరసాపురంలో సైకిలు తొక్కి పాలు పోసేవాళ్లున్నారు, పేపరు వేసేవాళ్లున్నారు. ఉత్తినే సైకిలు తొక్కుతూ పోతే జీతమిచ్చే ఆసామిని మేమెవ్వరం ఎరగం. అమ్మమ్మ బుగ్గలు నొక్కుకుంది.

పై ఆదివారం అతను వచ్చాడు. కారులో కాదు, సైకిల్ మీద, నిక్కరుతో. చాలా దూరం నుంచి తొక్కుకుంటూ వచ్చాడట, ప్యాంటు వీపుకున్న సంచిలో ఉంది. తలుపు తీసింది అమ్మమ్మ. ఆవిడ చూపు అతని మొహం మీద పడకముందే కాళ్లమీద పడింది. గట్టిగా, నరాలు తేలి, ఒక్క వెంట్రుక లేకుండా ఉన్నాయి ఆ కాళ్లు. ఆవిడ అతనికి దారివ్వకుండా అక్కడే నిలబడి వంటింట్లోకి కేకేసింది. "ఒసేయ్, ఈ మనిషి కాళ్లకి వెంట్రుకలు లేవేంటే? మగాడేనా?" పిన్ని పరుగెత్తుకొచ్చింది. లూక్‌కి మాట అర్థం కాలేదు కానీ చూపు అర్థమైంది. రోడ్డుమీద పడి చర్మం లేచిపోయినప్పుడు వెంట్రుకలుంటే పుండు కడగడం కష్టమని, కుర్రతనం నుంచీ అలవాటని, ఇప్పుడు మానుకుంటే ఎవరివో కాళ్లలా ఉంటాయని ఎర్రబడ్డ మొహంతో చెప్పాడు. పిన్ని అదంతా తెలుగులో చెప్పింది. అమ్మమ్మ అంతా విని "పడేవాడు ఎక్కడం ఎందుకు?" అంది.

భోజనాల దగ్గర ఆ మనిషి అలవాట్లు మాకు ఇంకా అనుమానాలు పెంచాయి. అమ్మ తెల్లవాడని బ్రెడ్డు తెచ్చి పెడితే, మధ్యలో మెత్తటిదంతా వేళ్లతో పీకి పక్కన పెట్టి, అంచు మాత్రం తిన్నాడు. ఐసు వేసిన నీళ్లు వద్దన్నాడు. ఏసీ ఆపగలరా అని అడిగాడు. అమ్మమ్మ కనుబొమలు అప్పుడు మాత్రం కాస్త దిగాయి. "ఈ ఒక్క విషయంలో బుద్ధిమంతుడే" అంది. తిన్నాక, అందరూ కబుర్లకి కూర్చుంటే, ఇతను మర్యాదగా "మీరేమీ అనుకోకపోతే" అని, కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని రెండు కాళ్లూ మా గోడకి ఆనించి పైకి పెట్టాడు. ఆ గోడమీద ఏసుక్రీస్తు క్యాలెండరు ఉంది. నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. తొక్కిన తర్వాత కాళ్లలో రక్తం కిందికి దిగాలట, వాళ్ల వృత్తిలో అందరూ అంతేనట. పెళ్లిచూపులకి వచ్చిన మనిషి కాళ్లు గోడమీద పెట్టడం మా వంశంలో ఎవరూ కని విని ఎరగరు. నాకు మాత్రం నవ్వాగలేదు, అమ్మ నా తొడ గిల్లింది.

కాళ్లు దించాక నాన్న ఇంటర్వ్యూ మొదలుపెట్టాడు. ఇంటర్వ్యూ అనే అనాలి. ఎదురుగా కుర్చీ వేసుకుని, గెస్ట్‌హౌస్ కుర్రాళ్లని తోమినట్టే తోమాడు. అన్నిటికీ అతను నింపాదిగా జవాబు చెప్పాడు. వాళ్ల ఊరు వానలకీ, ఎదురుగాలికీ పేరు పడ్డ ఊరు. తండ్రి ఇటుకల బట్టీలో పనివాడు. చిన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ల తిరనాళ్లలో జరిగే పందాల్లో గెలిచేవాడు, పూలగుత్తులు తెచ్చి తల్లికిచ్చేవాడు. అది చూసి ఒక పెద్ద టీము వాళ్లు ఒప్పందం రాసుకున్నారు. అక్కడిదాకా బాగానే ఉంది.

"టీములో చేరాక ఎన్ని గెలిచావు?" అన్నాడు నాన్న.

"ఒక్కటీ లేదు."

"ఒక్కటీ?"

"ఒక్కటీ."

"అన్నేళ్లూ? మరి జీతం దేనికిచ్చారయ్యా?"

"గాలికి అడ్డం ఉండడానికి" అన్నాడు లూక్. తర్వాత విడమరచి చెప్పాడు. టీముకి ఒక లీడరు ఉంటాడట. మిగతావాళ్లంతా అతని కోసమే. ముందు తొక్కేవాడికి గాలి తగులుతుంది, వెనకవాడికి తగలదు. కాబట్టి ఇతను ముందు తొక్కాలి, లీడరు వెనక దాక్కోవాలి. లీడరుకి దాహమైతే వెనకొచ్చే టీము కారు దగ్గరికెళ్లి నీళ్ల సీసాలు చొక్కాలో కుక్కుకుని మోసుకురావాలి. లీడరు చక్రానికి గాలి పోతే తన చక్రం విప్పి ఇచ్చేసి తను రోడ్డు పక్కన నిలబడాలి. చివర్లో లీడరు గెలుస్తాడు, వీళ్లు ఎక్కడో వెనకాల వస్తారు. వాళ్ల భాషలో అలాంటివాణ్ణి పనివాడనే పిలుస్తారట.

ఆ మాటల్లోనే ఒక వానరోజు సంగతి కూడా వచ్చింది, నాన్న గుచ్చి గుచ్చి అడిగితేనే. రాళ్లు పరిచిన రోడ్లమీద జరిగే పెద్ద పందెం. ఆ రోజు ఎందుకో ఇతనికి కాళ్లు బాగా ఆడాయి. అందరికన్నా ముందు, ఒక్కడే పోతున్నాడు. లీడరు వెనకబడిపోయి ఒంటరిగా చిక్కుకున్నాడు. టీము కారు పక్కకొచ్చింది. మేనేజరు అద్దం దించి, ఆగి లీడరుని లాక్కురమ్మన్నాడు. ఇతను ఒక పశువుల కొట్టం పక్కన దిగి, వానలో నిలబడ్డాడు. వెనక ఉన్నవాళ్లు గుంపులు గుంపులుగా దాటిపోయారు. లీడరు వచ్చాక, మళ్లీ ఎక్కి, అతన్ని తన వెనక పెట్టుకుని ముందువాళ్ల దాకా చేర్చాడు. అక్కడితో ఇతని ఒంట్లో సత్తువ అయిపోయింది. లీడరు గెలిచాడు.

"ఆగకుండా పోతే?" అన్నాడు నాన్న, ముందుకు వంగి.

"పోవచ్చు."

"మరి పోలేదేం?"

"ఆ పని చేస్తానని సంతకం పెట్టాను కదా."

అప్పట్లో పేపర్లలో సైకిల్ పందాలవాళ్లు మందులు వాడి పట్టుబడిన వార్తలు రోజూ వచ్చేవి. నాన్న ఆఖరి ప్రశ్నగా అదీ అడిగేశాడు. లూక్ చాలాసేపు తన చేతుల్ని చూసుకున్నాడు. "పరీక్షలు గెలిచినవాళ్లకి చేస్తారు. నన్నెవరూ పిలవలేదు" అన్నాడు. నాన్న నా వైపు తిరిగి తెలుగులో "చూశావా, అది జవాబు కాదు" అన్నాడు. నిజమే, అది జవాబు కాదు. నాకు ఇప్పటికీ తెలియదు.

అతను వెళ్లాక మా ఇంట్లో కోర్టు జరిగింది. నాన్న వాదన ఒక్కటే. "గెలిచే పందెంలో ఆగేవాడు ఈ భూమ్మీద ఉండడు. ఉంటే వాడు వెర్రివాడు, లేకపోతే అబద్ధాలకోరు. రెంటిలో దేనికీ మన పిల్లనివ్వం. వాడిక్కావలసింది గ్రీన్ కార్డు. శాంతికి సిటిజన్‌షిప్ ఉంది. లెక్క సరిపోయింది." అమ్మ మెల్లగా అంది, "అబద్ధం చెప్పేవాడైతే రెండు కప్పులు గెలిచానని చెప్పుకునేవాడు కదండీ?" "అదే తెలివి" అన్నాడు నాన్న. అప్పుడే వచ్చిన ఇంటర్నెట్‌లో నేను స్కూలు లైబ్రరీలో వెతికాను. ఏ పందెం చూసినా మొదటి పది పేర్లే ఉన్నాయి. ఇతని పేరు ఎక్కడా లేదు. ఆ మాట నాన్నతో చెప్తే ఆయన మొహం చూడాలి, పండగొచ్చినట్టుంది. పిన్ని మాత్రం కన్నీళ్లు పెట్టుకోలేదు, దెబ్బలాడలేదు. "నువ్వు లేకుండా నేను చేసుకోలేక కాదు బావా. అమ్మా నాన్నా తర్వాత నాకు పెద్దదిక్కు నువ్వే. నువ్వు సరే అనాలి" అంది. అందుకే ఆ వ్యవహారం నాన్న చేతిలో పడింది. పిన్ని జీవితం ఆయన నోటి మాట మీద ఆగి ఉందని ఇంట్లో పిల్లదాన్నైన నాకు కూడా తెలుసు.

నాన్నకి తెలిసిన పరీక్ష ఒక్కటే. రిఫరెన్సు అడిగాడు. లూక్ ఏమాత్రం తడుముకోకుండా ఆ పాత లీడరు ఫోన్ నంబరు ఇచ్చాడు. ఒక ఆదివారం పొద్దున చర్చికి తయారవకముందే, డైనింగ్ టేబుల్ మీద ఫోను పెట్టి, స్పీకరు ఆన్ చేసి, నాన్న డయల్ చేశాడు. చుట్టూ అమ్మ, అమ్మమ్మ, నేను. పిన్ని యూనిఫామ్‌లోనే ఉంది, డ్యూటీ నుంచి సరాసరి వచ్చింది. లూక్ లేడు, రావద్దన్నారు. అవతల ఎవరో బొంగురు గొంతు మనిషి ఎత్తాడు. వెనకాల కోళ్లు అరుస్తున్నాయి. ఇప్పుడు కోళ్లఫారం నడుపుతున్నాడట. నాన్న తన గురించి చెప్పుకుని, లూక్ అనే మనిషి మీకు తెలుసా అని అడిగాడు. ఆ పెద్దమనిషి అరిచినంత పని చేశాడు. "లూక్! ఎలా ఉన్నాడు? ఆ కప్పు నా అలమరలో ఉంది కానీ అది అతనిదని చెప్పండి. నన్ను లాక్కుపోయింది అతనే. అలాంటి మనిషి నాకు మళ్లీ దొరకలేదు." నాన్న పెన్ను పట్టుకుని ముందుకు వంగి వింటున్నాడు. ఆయన మొహం మెత్తబడుతోందని నాకనిపించింది. పిన్నికీ అనిపించినట్టుంది, గుప్పిళ్లు సడలించింది. అప్పుడు ఆ పెద్దమనిషి, వచ్చీరాని ఇంగ్లీషులో, ఊపు మీద, "హీ ఈజ్ వెరీ గుడ్ టీమ్ ప్లేయర్" అన్నాడు.

నాన్న పెన్ను మూత పెట్టేశాడు. థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

"ఫేక్" అన్నాడు.

"ఏంటి బావా?"

"నాకు తెలీదా శాంతీ? ఇంత బాగా ఎవడూ చెప్పడు. నిజం మేనేజర్లు నీళ్లు నములుతారు. అబద్ధం మేనేజర్లే ఇలా పొగుడుతారు. వీడెవడో నాకన్నా బాగా చేశాడు. వెనకాల కోడికూతలు కూడా పెట్టాడు!"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు. పిన్ని లేచి నిలబడింది. ఆవిడ గొంతు పెంచడం నేను మొదటిసారి విన్నాను. "అందరూ నీలా అలమరలో నిలబడి మాట్లాడతారా బావా?" అంది. ఆ మాట మా ఇంట్లో అంతవరకూ ఎవరూ అనలేదు. నాన్నకి తల కొట్టేసినట్టయింది. ఆయన చాలాసేపు టేబుల్ మీద ఫోన్ వంకే చూస్తూ కూర్చుని, చివరికి "సరే, చేసుకో. కాదనడానికి నేనెవణ్ణి?" అన్నాడు. అక్కడ ఆపేసి ఉంటే ఎంత బాగుండేది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "గ్రీన్ కార్డు చేతికొచ్చిన రోజున చూద్దాం, ఎవరు ఎక్కడుంటారో" అన్నాడు.

పెళ్లి మా చర్చి హాల్లోనే అయింది. లూక్ బాబాయ్ ప్యాంటు వేసుకునే వచ్చాడు. అమ్మమ్మ చేతులెత్తి ప్రార్థన చేసి, అతని తల మీద చెయ్యి పెట్టి, నెమ్మదిగా పిన్నితో "కాళ్ల సంగతి నువ్వే చూసుకో" అంది. తర్వాత గ్రీన్ కార్డు వచ్చింది. బాబాయ్ ఎక్కడికీ పోలేదు. "సిటిజన్‌షిప్ దాకా ఓపిక పడతాడు" అన్నాడు నాన్న. అదీ వచ్చింది. ఊళ్లోనే ఒక సైకిల్ రిపేరు షాపు పెట్టుకుని పొద్దున తొక్కడం, పగలు నూనె చేతులతో పని, సాయంత్రం పిన్నికి బంగాళాదుంపలు వేయించి పెట్టడం. "వాడసలే ఆగడంలో ఆరితేరినవాడు కదా, రిటైర్‌మెంట్ డబ్బు కోసం ఆగుతున్నాడు" అన్నాడు నాన్న. మేం నవ్వేవాళ్లం. పండగలకీ పుట్టినరోజులకీ అదొక వేళాకోళమైపోయింది. నాన్న ఆఖరి రోజుల్లో హాస్పిటల్లో ఉన్నప్పుడు ఏసీ గాలి సూటిగా మంచం మీదికి కొట్టేది. నర్సులకి చెప్పినా తగ్గలేదు. బాబాయ్ రోజూ వచ్చి, కుర్చీని సరిగ్గా ఆ గాలికి అడ్డంగా వేసుకుని, వీపు అటు పెట్టి, గంటల తరబడి పేపరు చదువుతూ కూర్చునేవాడు. నాన్న నన్ను దగ్గరికి పిలిచి, "వీడికేం కావాలో కనుక్కోవే" అన్నాడు. వేళాకోళమో నిజమో చెప్పలేను, నాన్న పోయేదాకా అలాగే ఉన్నాడు.

ఇప్పుడు రోజులు మారాయి. అనుమానపడడానికి అప్పటంత కష్టం అక్కర్లేదు. గుమ్మానికి కెమెరా ఉంది, వచ్చినవాడి మొహం ఆఫీసులో కూర్చునే చూస్తాం. మా అమ్మాయి ఎవరైనా కుర్రాడితో కాఫీకి వెళ్లేముందు అతని ఉద్యోగాలు, ఫొటోలు, పాత పోస్టులు అన్నీ తిరగేసిగానీ వెళ్లదు. "మామ్, నేను చెక్ చేశా, హి ఈజ్ ఓకే" అంటుంది. మా నాన్న ఈ కాలంలో పుట్టి ఉంటే ఎంత సుఖపడేవాడో. మొన్న శనివారం కూడా అదే జరిగింది. లుంగీలోకి మారి వచ్చిన మా ఆయన, పిన్ని ఏడుపు తగ్గాక, ఆవిణ్ని సంతోషపెడదామని ఫోన్ తీసి బాబాయ్ పేరు కొట్టాడు. ఎవరో సైకిల్ పిచ్చివాళ్లు పాత పందాల ఫలితాలన్నీ, ఆఖరి పేరుదాకా, నెట్‌లో ఎక్కించి పెట్టారు. ఆ వానరోజు పందెం దొరికింది. మొదట ఆ లీడరు పేరు. కిందికి, ఇంకా కిందికి జరుపుతూ పోతే, ఎక్కడో చివర్లో బాబాయ్ పేరు. మా ఇంటిల్లిపాదీ కోర్టు పెట్టి విచారించిన సంగతి, టీ తాగేలోపు తేలిపోయింది.

మా ఆయన నిద్రకి ఉపక్రమించాక పిన్నీ నేనూ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాం. "చూశావా పిన్నీ, నాన్న అన్నవన్నీ తప్పే కదా" అన్నాను.

"పందెం సంగతి నేనెప్పుడూ అనుమానించలేదే. నాది వేరే" అంది.

"నీదా? నువ్వెందుకు అనుమానించావ్?"

"మీ నాన్న గుమ్మంలో నిలబడి అన్న మాట ఉంది చూడు, కార్డు వచ్చిన రోజున చూద్దామని. అది నా కడుపులో పడిపోయింది చిన్నీ. మీరంతా నవ్వుకునేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. కార్డు వచ్చిన రోజు నేను సిక్ అని కాల్ చేసి ఇంట్లోనే కూర్చున్నా, తెలుసా? ఆయన రోజూలాగే సైకిల్ తీసుకుని పోయాడు. వస్తాడా, రాడా అని కిటికీ దగ్గరే నిలబడ్డా. వచ్చాడు. వచ్చి, బ్రెడ్ ఉందా అన్నాడు."

"అక్కడితో అయిపోయిందిగా?"

"ఎక్కడే! ఆ తర్వాత రోజూ అంతే. ఇల్లు నా ఒక్కదాని పేరు మీద కొన్నా. ఎందుకని అడగలేదు. అడిగుంటే దెబ్బలాడి తేల్చుకునేదాన్నేమో. అడక్కపోతే ఇంకా అనుమానం, ఎందుకు అడగడు ఈ మనిషని."

"బాబాయ్‌కి తెలుసా?"

"తెలీకుండా ఎలా ఉంటుంది? ఒక రోజు షూ కట్టుకుంటూ, 'శాంతీ, ఇంకా ఎంత దూరం తొక్కాలి నేను?' అన్నాడు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు, వాన వస్తుందట, తొందరగా వచ్చెయ్ అన్నా." పిన్ని చేతిలో చిక్కుడుకాయ విరిచి, గింజ తీయకుండా అలాగే గిన్నెలో పడేసింది. నేను దాన్ని తీసి ఒలిచాను. నాకు మా నాన్న మీద ఆ క్షణంలో పట్టరాని కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకుని ఏం చేస్తాం?

"మరి ఆ అనుమానం ఎప్పుడు పోయింది పిన్నీ?"

"హాస్పిటల్లో, ఆఖర్న. నేను నర్సుని కదా, టైమ్ దగ్గరపడిందని ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. ఆయన జుట్టు దువ్వుతున్నా. ఉన్నట్టుండి లోపల ఏదో వదిలేసినట్టయింది. ఎన్నేళ్ల బరువో. చెప్పేశానే. లూక్, నేను నిన్ను నమ్ముతున్నా, పూర్తిగా నమ్ముతున్నా అని. నా జీవితంలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు."

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. నవ్వి నా చెయ్యి తట్టాడు." పిన్ని ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. "నేను ముప్పై ఏళ్లు వార్డుల్లో చూశాను చిన్నీ. పోయేవాళ్ల దగ్గర కూర్చుని అందరూ మంచి మాటలే చెప్తారు. వాళ్ల ప్రాణం హాయిగా పోవాలని చెప్తారు. నా వార్డు కబుర్లన్నీ రోజూ విన్న మనిషి, ఆయనకది తెలుసు. నేనూ అందుకే చెప్పాననుకున్నాడేమో. నమ్మాడంటావా?"

"నమ్మే ఉంటాడు పిన్నీ" అన్నాను.

పిన్ని తలెత్తి, కళ్లు చికిలించి నా మొహంలోకి చూసింది.

"నీకెలా తెలుసు?" అంది.